వేలిముద్రకు బీగం ఉంది, బీగంచెవి ఎవరి చేతిలో ఉంది?

(పలమనేరులో దళితవాడల యువతీయువకులు, ఉపాధ్యాయులు కలుసుకున్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేం బడిపంతుళ్ళం, కంప్యూటర్ ఇంజనీర్లం కాదు. మా ఇండ్లల్లో డిగ్రీ ముఖం చూసిన మొదటి తరం మాది. మా తాతలను వేలిముద్రగాళ్ళని ఎగతాళి చేసినారు. తెల్లకాయితం మీద వేలు ఒత్తించుకుని, పైన ఏం రాసుకున్నారో చెప్పకుండా చేను గుంజుకున్న కథలు మన పల్లెల్లో ఏ మాలపల్లెలో, ఏ మాదిగవాడలో కూర్చున్నా వినపడతాయి. అందుకే వేలిముద్ర గురించి మాట్లాడే హక్కు మనకు ఇంజనీర్ల కంటే ఎక్కువే ఉంది.

ఇప్పుడు రేషన్ బియ్యానికి వేలిముద్ర. పింఛనుకు వేలిముద్ర. బ్యాంకులో మన డబ్బు మనం తీసుకోవడానికీ వేలిముద్ర. ఆ ముద్ర ఎక్కడికి పోతుంది? దారిలో ఎవడైనా ఎత్తుకుపోతే ఏంది గతి? మా బడి పిల్లోళ్ళ అమ్మలు అడుగుతున్న ప్రశ్న ఇది.

ఎన్‌క్రిప్షన్ చేసినాం, భయం లేదు అంటుంది ప్రభుత్వం. అంటే ఏమిటి? చదవగలిగే మాటను చదవలేని గుర్తులుగా మార్చేయడం. బీగంచెవి ఉన్నోడు తప్ప ఇంకెవడూ దాన్ని తిరిగి చదవలేడు.

ఆధార్‌లో జరిగేది ఇది. మనం వేలు పెట్టగానే మిషను అప్పటికప్పుడు ఒక కొత్త బీగంచెవి తయారు చేస్తుంది. దానితో మన ముద్రకు ఏఈఎస్-256 అనే పద్ధతిలో బీగం వేస్తుంది. ఆ బీగంచెవులు ఎన్ని రకాలుగా ఉండొచ్చునంటే ఆ లెక్క రాస్తే 78 అంకెల సంఖ్య వస్తుంది. ఒక్కొక్కటీ పెట్టి చూసి తెరవడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. తర్వాత ఆ బీగంచెవినే 2048 బిట్ల ఇంకో బీగంలో పెడుతుంది. ఇది గుడి హుండీ లాంటిది. ఎవరైనా వేయొచ్చు, తీసేది మాత్రం ఒక్కరే. గుడిలోకి మనల్ని రానియ్యకున్నా హుండీకి మన రూపాయి అంటు కాదు కదా! ఈ హుండీ తెరిచే చెవి ఆధార్ సంస్థ దగ్గర మాత్రమే ఉంటుంది. ఆధార్ నంబర్లు దాచుకునే ఏ శాఖ అయినా వాటికి విడిగా బీగం వేసిన ఖజానా పెట్టుకోవాలని 2017లో ఆ సంస్థ ఆదేశించింది.

ఇంకో సంగతి. ఏఈఎస్ రహస్య విద్య కాదు. బెల్జియం దేశపు ఇద్దరు శాస్త్రజ్ఞులు చేసిన పద్ధతిని బహిరంగ పోటీలో ఎంచి, 2001లో అమెరికా తన ప్రభుత్వ ప్రమాణంగా ప్రకటించింది. ఆ బీగం ఎట్ల పనిచేస్తుందో ఎవరైనా చదువుకోవచ్చు. పద్ధతి అందరికీ తెలిసినా తెరుచుకోని బీగమే గట్టి బీగం. విద్యను దాచిపెట్టి పెద్దరికం చేసినోళ్ళకు ఇది చెంపపెట్టు.

ఇంతవరకు మేమూ ఒప్పుకుంటాం. బీగం గట్టిదే. మరి మన వివరాలు వీధిన ఎట్ల పడినాయి?

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ నివేదిక వచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్లలో 13 కోట్ల దాకా ఆధార్ నంబర్లు బయట పడి ఉన్నాయని అంచనా కట్టింది. వాటిలో రెండు మన ఆంధ్రప్రదేశ్‌వే. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, ఇంకొకటి చంద్రన్న బీమాది. 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో లక్షా 30 వేల మందికి పైగా లబ్ధిదారుల ఆధార్, బ్యాంకు వివరాలు, కులం, మతం కనపడినాయి. కులం పేరు చెప్పి వెతికితే ఇల్లు ఎక్కడుందో చూపే ఏర్పాటు కూడా ఉందని ఆ నెలలోనే పత్రికలు బయటపెట్టినాయి. అదే ఏడాది జూన్‌లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక కేసు బయటపడింది. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని దస్తావేజుల మీది వేలిముద్రలు తీసి, రబ్బరు ముద్రలు చేసి, వేలకొద్దీ సిమ్‌కార్డులు తెరిచినారు.

ఎవరూ బీగం పగలగొట్టలేదు. ముందు వాకిలికి ఇనుప బీగం వేసి పెరటి వాకిలి తెరిచిపెట్టినారు. మా ఖజానా నుంచి పోలేదన్నది ఆధార్ సంస్థ. కావచ్చు. కానీ పోయింది ఎవరివి? ఉపాధి కూలీలవి, ఇల్లు అడుక్కున్నోళ్ళవి. అంటే మనవే.

కారంచేడులో 1985లో, చుండూరులో 1991లో మనోళ్ళను చంపినోళ్ళకు కంప్యూటర్ జాబితా అవసరం రాలేదు. మన వాడ ఎక్కడుందో ఊరికి తెలుసు. ఇప్పుడు ఊరికి తెలిసింది లోకమంతా చూసేలా పెట్టినారు. పలమనేరు నుంచి, కుప్పం నుంచి బెంగుళూరుకు పనికి పోయి, అద్దె ఇంటికోసం కులం చెప్పకుండా బతికే మన పిల్లోడికి ఉన్న ఆ కాస్త చాటు కూడా పోతే వాడు ఎక్కడ తల దాచుకోవాల?

అట్లని కులం లెక్కే వద్దంటున్నామా? కానే కాదు! 2027 జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025లో ప్రకటించింది. లెక్క తేలాల్సిందే, మన వాటా మనకు రావాల్సిందే. 1948 నాటి జనగణన చట్టమే చెప్తుంది, ఒక్కొక్క మనిషి చెప్పిన వివరాలను ఇంకొకరు చూడకూడదని. కులం లెక్కలో ఉండాల, గోడమీద ఉండగూడదు.

ఆధార్ నంబర్లను బహిరంగంగా ప్రచురించరాదని 2016 ఆధార్ చట్టం 29వ సెక్షన్ అంటుంది. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తేల్చింది. అయినా 2023 డేటా చట్టం ప్రభుత్వానికి పెద్ద మినహాయింపులు ఇచ్చింది. పైగా సమాచార హక్కు చట్టాన్ని సవరించి, వ్యక్తిగత సమాచారం పేరుతో జవాబు ఎగ్గొట్టే దారిని వెడల్పు చేసింది. కూలీ బ్యాంకు ఖాతా బజారులో, మస్టర్లు మింగినోడి పేరు బీగంలోనా?

మా డిమాండ్ సూటిగా ఉంది. పని చేసిందెవరు, ఎన్ని రోజులు, ఎంత కూలి వచ్చింది, ఇవి గ్రామసభలో గట్టిగా చదవండి. సామాజిక తనిఖీ మన ఆయుధం. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, వేలిముద్ర మాత్రం బీగంలో పెట్టండి. బయటపడితే ఆ మనిషికి చెప్పండి, బయటపెట్టినోళ్ళను శిక్షించండి.

మనం చేయాల్సిందీ ఉంది. చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. జెరాక్స్ ఇస్తే ఎందుకిస్తున్నారో దానిమీద రాయండి. వాడనప్పుడు వేలిముద్రకు మీరే లాక్ వేసుకోవచ్చు. తెలియకుంటే 1947కు ఫోన్ చేయండి. సరిగా పడలేదని మళ్ళీ వేలు పెట్టమంటే రసీదు చూపించమనండి. చదువుకున్న ప్రతి పిల్లోడూ తన వాడలో పది ఇండ్లకు ఈ పని చేసిపెట్టాల.

మన తాతలు ఏం రాసుకున్నారో అడగలేక వేలు ఒత్తినారు. మనం అడిగి ఒత్తుదాం. జై భీమ్!