వెండి డాలరు – అచ్చు గుర్తులు



మీ యింటి పెట్టెలో 1918వ సంవత్సరపు అయిదవ జార్జి రూపాయి యున్నచో, అందలి వెండి ఒకప్పుడు అమెరికా డాలరై యుండవచ్చును. మొదటి మహాసంగ్రామ కాలమున మన జనులు కాగితపు నోట్లను నమ్మక వెండి రూపాయలనే దాచుకొనసాగిరి. ప్రభుత్వమునకు వెండి కఱవయ్యెను. 1918 ఏప్రిల్‌లో అమెరికావారు పిట్‌మన్ చట్టము చేసి, తమ ఖజానాలలోని 27 కోట్లకు పైగా డాలర్లను కరిగించిరి. అందు సుమారు 26 కోట్ల డాలర్ల వెండిని ఆంగ్లప్రభుత్వము కొని మన దేశమునకు పంపెను.

ఏ సంవత్సరపు డాలర్లు ఎన్ని కరగిపోయెనో యెవరును లెక్క వ్రాసియుంచలేదు. కావున టంకశాల పద్దు చూచి ఏ నాణె మరుదైనదో చెప్పజాలము. నాణెమునే యడుగవలెను.

ఆ డాలరు రూపమును చెక్కినవాడు జార్జి మోర్గన్. 1878 మొదలు 1904 వఱకును, మరల 1921లోను దానిని ముద్రించిరి. తూకము రెండుంబావు తులములకు రవంత పైన. నూటికి తొంబది పాళ్లు వెండి. ఒకవైపు స్వాతంత్ర్యదేవత ముఖము, రెండవవైపు ఱెక్కలు చాచిన గ్రద్ద.

కంసాలి అచ్చులో పగులున్నచో ఆ పగులు ప్రతి బిళ్ళ మీదను గీతయై తేలును గదా! టంకశాల ఉక్కు అచ్చు సంగతియు నంతే. 1878లో గ్రద్దతోకకు మొదట ఎనిమిది యీకలు చెక్కిరి; పిమ్మట ఏడు చాలుననిరి. కొన్ని పాత అచ్చులను పాఱవేయక వానిపైననే యేడీకల ముద్ర నదిమిరి. ఆ డాలర్లలో ఏడు యీకల క్రిందనుండి పాత కొనలు తొంగిచూచుచుండును. ఇట్టి భేదములకు వాన్ ఆలెన్, మాలిస్ అను నిరువురు వరుస సంఖ్యలిచ్చిరి. భూతద్దముతో ఈ గీతలను వెదకువారు నాణెమును చింతపండుతో తోమరాదు. తోమినచో మెఱుపు వచ్చును, గుర్తు పోవును.

ఇక నా సంగతి. 1893లో శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల కొట్టిన డాలర్లు ఒక్క లక్ష మాత్రమే. గ్రద్ద క్రింద 'యస్' అక్షరము దాని గుర్తు. ఆ యేటి ఫిలడెల్ఫియా డాలరుకు అక్షరము లేదు. మోసగాండ్రు దానిపై 'యస్' నతికింతురు. చెన్నపట్టణమున ఒక వర్తకుని యొద్ద అట్టిదొకటి రెండునెలల పింఛను పోసి కొంటిని. ఇంటికి వచ్చిన పిదప గాని భూతద్దము తీయలేదు, తొందరపాటు నాదే.

ఎఱిగినంతలో అసలు నాణెములన్నిటికిని ముఖపు అచ్చు ఒక్కటే. దేవత తలకట్టుపై 'లిబర్టీ' అను మాటలోని 'టీ' అక్షరపు పైభాగమున సన్నని గీత యుండవలెను. నా దానికి లేదు. 'యస్' చుట్టును వెండ్రుకవంటి సందు కనబడెను.

మఱునాడు వర్తకుని యడిగితిని. "అయ్యా, చేతులు మారి మారి గీత అరిగిపోయినది" అనెను. "ఆ యక్షరము పల్లములో నున్నది. పల్లములోని గీత అరుగుటకు ముందు గట్టు అరుగవలదా? గట్టు నిక్షేపముగా నున్నదే!" అంటిని. అతడు చాలసేపు అద్దములో చూచి, మాటాడక సగము సొమ్ము చేతిలో పెట్టెను. నాణెమును మాత్రము నేను తిరిగి యీయలేదు. ఇచ్చినచో అది మరియొకని పింఛను తినును.