అక్షరాలు తడబడే పిల్లలకు సైన్సు పాఠం



మా కొత్తగూడెంలో పక్క క్వార్టరు వదినగారి అబ్బాయి ఏడో తరగతి. మాటల్లో గలగల. పుస్తకం తీస్తే మాత్రం నోరు పెగలదు. 'మ'ను 'య' అంటాడు, ఒత్తులు మింగేస్తాడు. సైన్సులో వందకు పన్నెండు వచ్చాయని వాళ్ళమ్మ నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేనేం చేశానంటారా? పాత టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! 'కిరణజన్య సంయోగక్రియ' అని యాభైసార్లు రాయమని కూర్చోబెట్టాను. యాభై రకాలుగా రాశాడు. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఒకనాడు వాడే అడిగాడు, "అత్తా, నాన్న దిగే బాయిలోకి గాలి ఎట్ల పోతది?" అని. బొగ్గు గనిని ఇక్కడ బాయి అంటాం లెండి. పళ్ళెంలో కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లించాను. కాసేపటికి ఆరిపోయింది. నేను నోరు తెరిచేలోపే, "లోపల మంచిగాలి తగ్గింది. అందుకే బాయికి రెండు దారులుంటయి. ఫ్యాను ఒక దారిల నుంచి చెడ్డగాలి గుంజితే, ఇంకో దారిల మంచిగాలి దిగుతది" అన్నాడు. తండ్రి నోట విన్నదీ, కళ్ళెదుట చూసిందీ తనే కలుపుకున్నాడు. ప్రాణవాయువు అన్న మాట ఒక్కటే నేను అందించాను. ఈ పిల్లవాడికా సైన్సు రానిది?

మర్నాడు చేతికి బొగ్గుగడ్డ ఇచ్చాను. పాతిక కోట్ల ఏళ్ళకు పూర్వం చెట్లు ఆకులతో పట్టిన ఎండే ఇందులో దాగుందనీ, మండిస్తే వచ్చే వేడి అదేననీ చెప్పాను. కిరణ, జన్య, సంయోగ, క్రియ – నాలుగు అట్టముక్కల మీద నాలుగు రంగుల్లో రాశాను. ఇప్పటికీ తప్పుగానే రాస్తాడు. అడిగితే మాత్రం బొమ్మ గీసి మరీ చెబుతాడు.

ఈ చిక్కునే డిస్లెక్సియా అంటారు. ఇది బుద్ధిమాంద్యమూ కాదు, సోమరితనమూ కాదు. అక్షరాన్ని శబ్దంతో జతచేయడంలో మెదడు పడే ఇబ్బంది. కొట్టినా తిట్టినా పోదు. ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. వాటిలో లోపం లేకపోతే భవిత కేంద్రంలోని ప్రత్యేక ఉపాధ్యాయులను కలవండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన ఇబ్బందులూ ఉన్నాయి. పరీక్షలో అదనపు సమయం, చెబితే రాసిపెట్టే మనిషి వంటి సౌకర్యాలు కల్పించాలని ఆ చట్టమే చెబుతోంది. ఇంట్లో మనం చేయగలిగిందీ ఉంది. పాఠం మనం చదివి వినిపించాలి, జవాబు వాళ్ళ నోట వినాలి.

ఈ సంగతులన్నీ వదినకు చెప్పాను. "సర్టిఫికెట్టు తెస్తే రేపు నలుగురూ మొద్దు అనరా?" అంది.

"ఇప్పుడేమంటున్నారు వదినా?" అన్నాను.

ఆమె మాట్లాడలేదు. రాత్రి గిన్నెలు కడుక్కుని వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "పొద్దున ఎన్నింటికి పోదాం?" అని అడిగింది.