పడమర ఎటు?



ఒక వీధిలోకి ఒక ముస్లిం కుటుంబం కొత్తగా అద్దెకు దిగింది. సామాను ఇంకా బండి మీదే ఉంది. ఆ ఇంటి కోడలు పక్కింటామెను పలకరించింది. నీళ్ళ పంపు సంగతి కాదు ఆమె అడిగింది.

"అక్కా, ఇక్కడ పడమర ఎటు?"

పక్కింటామె చెయ్యి చూపించింది. "మీరు పడమర దిక్కుకు మొక్కుతారా?" అని అడిగింది. చాలామందికి ఇదే అనుమానం. అడగాలంటే మొహమాటం. ఆమె అడిగేసింది. మంచిదే అయింది.

"దిక్కుకు కాదక్కా. మొక్కేది అల్లాకే. మక్కాలో కాబా ఉంది. ముఖం అటు తిప్పి నమాజు చేస్తాం" అంది కోడలు.

మక్కా సౌదీ అరేబియాలో ఉంది. కాబా రాళ్ళతో కట్టిన కట్టడం. దాని మీద నల్లని గుడ్డ కప్పి ఉంటుంది. దాన్ని ఇబ్రహీం ప్రవక్త, ఆయన కొడుకు ఇస్మాయీల్ కట్టారని ముస్లింల నమ్మకం. కాబా ఉన్న వైపును ఖిబ్లా అంటారు. మసీదులో అటువైపు గోడకు గూడులాగా కడతారు. దాని పేరు మిహ్రాబ్.

మొదట్లో ఖిబ్లా ఇది కాదు. ముహమ్మద్ ప్రవక్త 622లో మక్కా విడిచి మదీనా వెళ్ళారు. అక్కడ సుమారు ఏడాదిన్నర జెరూసలేం వైపు తిరిగి నమాజు చేశారు. 624లో కాబా వైపు మారారు. ఆ ఆజ్ఞ ఖురాన్‌లో ఉంది. మదీనాలో ఒక మసీదును ఇప్పటికీ రెండు ఖిబ్లాల మసీదు అంటారు.

మనకు మక్కా పడమట ఉంది. హైదరాబాదు నుంచి అయితే పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. మొరాకో వాళ్ళు తూర్పుకు తిరుగుతారు. దక్షిణాఫ్రికా వాళ్ళు ఉత్తరానికి తిరుగుతారు. కాబా దగ్గర ఉన్నవాళ్ళు దాని చుట్టూ గుండ్రంగా నిలబడతారు. పడమరలో మహిమ ఏమీ లేదన్నమాట!

ఖిబ్లా తెలుసుకోవటానికి ఒక కర్ర చాలు. ఏటా మే 27 లేదా 28న సూర్యుడు సరిగ్గా కాబా నడినెత్తికి వస్తాడు. అప్పుడు మన గడియారంలో మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలు. ఆ వేళ ఎండలో కర్ర నిటారుగా పాతండి. నీడ కొస నుంచి కర్ర మొదలుకు గీత గీయండి. ఆ గీత మక్కా వైపు పోతుంది. జూలై 15 లేదా 16న, 2 గంటల 57 నిమిషాలకు మళ్ళీ చూడవచ్చు.

ఆ ఇంట్లో ఒక ముసలమ్మ ఉంది. తుంటి ఎముక విరిగి మంచాన పడింది. గది ఇరుకు. మంచం తూర్పుకు ఉంది. "ఇట్లా చేస్తే నా నమాజు చెల్లుతుందా?" అని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. మసీదు ఇమాము కబురు పంపాడు. కదలలేనివాళ్ళు ఎటు ఉంటే అటే చేసుకోవచ్చు. కూర్చోలేకపోతే పడుకునే, సైగలతో చేసుకోవచ్చు. అది విన్నా ముసలమ్మ మనసు ఊరుకోలేదు.

మర్నాడు పక్కింటామె వచ్చింది. కోడలితో కలిసి ట్రంకుపెట్టె బయటికి లాగింది. ఇద్దరూ మంచం తిప్పారు. తల కింద ఎత్తుగా దిండు పెట్టారు. ముఖం ఎటు రావాలో ఈసారి పక్కింటామెకు ఎవరూ చెప్పలేదు.