123 కుర్చీల గది

(సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఏదైనా ఇష్టమైన విషయం మీద పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. ఇంజినీరు కదా, ఏ వంతెనల గురించో కంప్యూటర్ల గురించో చెబుతాడని అనుకుని ఉంటారు. నేను సంగీతం వినడం గురించి మాట్లాడతాను. అందులోనూ చిన్న గదిలో, వాయించేవాళ్ళకు నాలుగడుగుల దూరంలో కూర్చుని వినడం గురించి. దీనికీ, మన బడి ఆవరణలో ఉన్న పెంకుల హాలుకీ సంబంధం ఉంది. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఆ హాలు పడగొట్టాలా వద్దా అన్నది తేల్చబోతున్నాం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన ఊళ్ళో బ్యాండు అంటే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే బ్యాండుమేళం. నేను చెప్పబోయేది జాజ్ బ్యాండు. ముగ్గురు ఉండవచ్చు, నలుగురు ఉండవచ్చు. పియానో, నిలువెత్తు బాస్ వాద్యం, డ్రమ్స్, ఒక్కోసారి సాక్సఫోన్. మొదట ఒక పాట వరుస వాయిస్తారు. తరువాత ఆ వరుస మీద ఒక్కొక్కరు తమ మనోధర్మం చూపిస్తారు. చివరికి అందరూ కలిసి మళ్ళీ వరుసకు వస్తారు. మన నెరవుకీ, స్వరకల్పనకీ దగ్గరి చుట్టం అనుకోండి. మృదంగం తని అయిపోగానే మనం చప్పట్లు కొట్టినట్టే అక్కడా ఒక్కొక్కరి వంతు ముగియగానే చప్పట్లు కొడతారు.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు న్యూజెర్సీలో ఉన్నాను. అక్కడ మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో ఇక్కడ కూర్చున్న చాలామందికి తెలుసు. మీ పిల్లలే ఉన్నారు. జర్నల్ స్క్వేర్‌లో రైలెక్కి క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగి కాసేపు నడిస్తే సెవెన్త్ అవెన్యూ మీద ఒక ఎర్రటి గుడారపు చూరు కనిపిస్తుంది. దాని పేరు విలేజ్ వాన్‌గార్డ్. తలుపు తీస్తే నిటారుగా కిందికి దిగే మెట్లు. దిగితే ఒక నేలమాళిగ. దాని ఆకారం చీలిక ముక్కలా ఉంటుంది. వెడల్పాటి వైపు నుంచి లోపలికి వస్తాం, సన్నబడే కొసన వేదిక. వెనక ఎర్రటి తెర. గోడల నిండా అక్కడ వాయించినవాళ్ళ ఫోటోలు. మొత్తం పట్టేది 123 మంది. మన పదో తరగతి రెండు సెక్షన్లు వస్తే నిండిపోతుంది.

మ్యాక్స్ గోర్డన్ అనే ఆయన 1935లో అక్కడ ఆ క్లబ్బు తెరిచాడు. మొదట్లో కవులు వచ్చి కవిత్వం చదివేవారు. తరువాత జానపద గాయకులు, హాస్యగాళ్ళు వచ్చారు. 1957 నుంచి పూర్తిగా జాజ్‌కే కేటాయించాడు. 1989లో ఆయన పోయాక భార్య లొరెయిన్ నడిపింది. 2018లో ఆమె పోయాక కూతురు డెబొరా నడుపుతోంది. కరోనా వచ్చి 2020 మార్చిలో మూతపడింది. 2021 సెప్టెంబరులో మళ్ళీ తెరిచారు. ఇన్నేళ్ళలో గదిని పెంచలేదు. పక్క గోడ పగలగొట్టి 500 కుర్చీలు వేయలేదు. కళాకారులు తయారై కూర్చోవడానికి వేరే గది కూడా లేదు, పాత వంటగదే వాళ్ళ గది.

టిక్కెట్టుతో పాటు లోపల ఒక డ్రింకు తీసుకోవడం తప్పనిసరి. మాస్టార్లు కంగారు పడకండి, సోడా కూడా లెక్కలోకి వస్తుంది. వాయిస్తున్నంతసేపూ ఫోన్లు బయటికి తీయకూడదు, మాట్లాడకూడదు. ఆ మౌనంలో వినిపించేవి చెబుతాను. తాళం పళ్ళెం మీద కర్ర కొస తగిలిన చోటుకీ దాని అంచుకీ ఉన్న తేడా వినిపిస్తుంది. బాస్ తీగ మీద వేలు జారే రాపిడి వినిపిస్తుంది. సాక్సఫోన్ ఊదేముందు ఆయన ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. డ్రమ్స్ వాయించేవాడు ఏదో కొంటెతనం చేస్తే బాస్ వాయించేవాడు తలెత్తి నవ్వుతాడు, ఆ నవ్వు మనకూ కనిపిస్తుంది. వాళ్ళు మాట్లాడుకుంటుంటే పక్కన కూర్చుని విన్నట్టు ఉంటుంది. రికార్డులో ఇవన్నీ ఉండవా అంటే కొన్ని ఉంటాయి. కానీ ఎవరు ఎవరి వంక చూసి ఆ మలుపు తిరిగారో రికార్డు చెప్పదు.

ఆ గదిలో చేసిన రికార్డుల్లో ఒకటి తప్పక చెప్పాలి. 1961 జూన్ 25, ఆదివారం. పియానో బిల్ ఎవాన్స్, బాస్ స్కాట్ లఫారో, డ్రమ్స్ పాల్ మోషన్. మధ్యాహ్నం రెండు, రాత్రి మూడు, మొత్తం ఐదు విడతలు వాయించారు. అన్నీ రికార్డు చేశారు. ఇవాళ వింటే వాద్యాల వెనక గాజు గ్లాసుల చప్పుడు, ఎవరో గుసగుసలాడటం, ఒక నవ్వు వినిపిస్తాయి. సరిగ్గా 11 రోజులకు, జూలై 6న, లఫారో కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆయన వయసు 25. ఆ ముగ్గురి వాద్యం మళ్ళీ కలిసి వినే అవకాశం ప్రపంచానికి పోయింది. ఆ ఆదివారం మధ్యాహ్నం గ్లాసులు చప్పుడు చేస్తూ కూర్చున్న కొద్దిమందికి తాము ఏం విన్నామో తెలిసి ఉండదు. ప్రత్యక్షంగా వినడంలో ఉన్న విలువ ఇదే. ఏ సాయంత్రం మళ్ళీ రాదో ముందుగా తెలియదు. వెళ్ళి కూర్చున్నవాళ్ళకే దక్కుతుంది.

ఇంకో సంగతి. అక్కడ ఒక బృందాన్ని పిలిస్తే మామూలుగా మంగళవారం నుంచి ఆదివారం దాకా వాయిస్తారు, రాత్రికి రెండు విడతలు. ఒకే గది, ఒకే పియానో, ఆరు రాత్రులు. మంగళవారం బిగుసుకుని ఉన్న బృందం శుక్రవారానికి విప్పారుతుంది. పెద్ద సభలో కళాకారుడికి ఒకే సాయంత్రం దొరుకుతుంది. వేల మంది ముందు కొత్తది ప్రయత్నించే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? వందమంది ముందు ప్రయత్నిస్తారు. కుదరకపోతే రేపు మళ్ళీ చూస్తారు. ఇక సోమవారం అక్కడ ఒక పెద్ద బృందం వాయిస్తుంది. 1966 ఫిబ్రవరిలో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టిన సోమవారపు వాద్యం వాళ్ళిద్దరూ పోయాక కూడా సాగుతూనే ఉంది. 16 మంది వాయించేవాళ్ళు, 123 మంది వినేవాళ్ళు. లాభనష్టాలు వేసుకునేవాడు ఈ లెక్క చూస్తే తల పట్టుకుంటాడు. కానీ ఆ బృందంలో కూర్చుని పని నేర్చుకున్నవాళ్ళు ఎందరో.

ఇప్పుడు కొంచెం ఇంజినీరు మాటలు. నా వృత్తి భవనాలకు ఏసీ అమర్చడం. కాబట్టి గదుల చప్పుళ్ళతో రోజూ పని. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక కొత్త ఉపన్యాస మందిరంలో మాట వినపడటం లేదని గొడవ వచ్చింది. పలికిన మాట ఐదున్నర సెకన్ల దాకా గదిలో మారుమోగుతూ ఉండేది. ఒక మాట ఆరిపోయేలోగా పది మాటలు దాని మీద పడేవి. వాలెస్ సబైన్ అనే 27 ఏళ్ళ భౌతికశాస్త్రం మాస్టారికి ఆ పని అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు, ఊరు నిద్రపోయాక, ఒక ఆర్గన్ గొట్టం, ఒక గడియారం పెట్టుకుని పక్క థియేటర్ నుంచి సీట్ల దిండ్లు మోయించి, ఎన్ని దిండ్లు వేస్తే మోగుడు ఎంత తగ్గుతుందో కొలిచాడు. తెల్లారేసరికి దిండ్లు తిరిగి థియేటర్‌కు చేరాలి. అలా తేలిన సూత్రం చాలా తేలిక. గది ఘనపరిమాణం పెరిగితే మోగుడు పెరుగుతుంది, శబ్దాన్ని మింగేవి పెరిగితే తగ్గుతుంది. మింగడానికి ఆయన పెట్టుకున్న కొలత తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన శబ్దం తిరిగి రాదు కదా!

ఆ సూత్రం మన పెంకుల హాలుకు వేసి చూశాను. పోయిన వారం టేపు పట్టుకుని కొలిచాను. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, సగటున నాలుగున్నర మీటర్ల ఎత్తు. ఖాళీగా, కిటికీలు మూసి ఉంటే మోగుడు నాలుగు సెకన్లు దాటుతుంది. అందుకే ఖాళీ హాల్లో ప్రార్థన రిహార్సల్ చేసినప్పుడు మనకు చెవులు గింగురుమనేవి. ఎనిమిది కిటికీలూ తెరిచి, వందమందిని కూర్చోబెడితే ఒక్క సెకనుకు కొంచెం లోపలికి వస్తుంది. మాటకూ, వీణకూ, వయొలిన్‌కూ సరిగ్గా సరిపోయేది అది. సబైన్ లెక్కలో కూర్చున్న ఒక్కో మనిషి సుమారు అర చదరపు మీటరు తెరిచిన కిటికీతో సమానం. అంటే వినడానికి వచ్చిన ప్రతివాడూ ఆ గదిని బాగుచేస్తున్నట్టే లెక్క.

చివరి వరుస వేదికకు పది మీటర్ల లోపే. మైకు అక్కర్లేదు. అదే 800 సీట్ల ఆడిటోరియంలో చివరి వరుస 30 మీటర్ల దూరం పోతుంది. మైకు తప్పదు, ఏసీ తప్పదు. ఏసీ చప్పుడు వినపడకుండా చేయాలంటే గాలి నెమ్మదిగా పోవాలి, దానికి డక్టులు పెద్దవి కావాలి, ఖర్చు పెరుగుతుంది. సాధారణంగా అక్కడే కోత పెడతారు. నా పని కాబట్టి చెబుతున్నాను.

మనకు ఈ చిన్న గది సంప్రదాయం కొత్త కాదు. మైకుసెట్లు వచ్చాక శ్రీరామనవమి పందిళ్ళలో ఊరంతా వినపడింది, సంతోషమే. కానీ విజయనగరంలో 1919లో పెట్టిన సంగీత కళాశాలకు మొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు గారి హరికథ మైకులు లేని కాలంలో పుట్టి పెరిగినది. ఆ గొంతు, ఆ గజ్జెలు కళ్ళెదుట ఉన్నవాళ్ళ కోసం. ఇవాళ హైదరాబాదు బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. ఒక ఇంటి ఆవరణనే 2010 నుంచి అందరికీ తెరిచి ఉంచారు. సమోసా, చాయ్ పక్కన పెట్టుకుని పాటలు, నాటకాలు, చర్చలు వింటారు. మా అమ్మాయి తరం వాళ్ళు అక్కడికి వెళ్ళి వింటున్నారంటే పిల్లలకు ఓపిక లేదనే మాట నేను నమ్మను.

ఆడిటోరియం కావాలనేవాళ్ళ మాటలో న్యాయం ఉంది. వార్షికోత్సవానికి తల్లిదండ్రులు ఎండలో నిలబడుతున్నారు. హాలు అద్దెకిస్తే బడికి నాలుగు డబ్బులు వస్తాయి. నేను ఆడిటోరియానికి అడ్డం కాదు, నా చందా కూడా ఇస్తాను. నేను అడిగేది ఒక్కటే. దాన్ని ఆటస్థలం ఉత్తరం వైపు, సైకిల్ స్టాండు ఉన్న చోట కట్టండి. పెంకుల హాలు జోలికి వెళ్ళకండి. పడగొట్టిన ఆడిటోరియం డబ్బుంటే మళ్ళీ లేస్తుంది. ఆ పెంకులు, ఆ దూలాలు, ఆ కొలతల గది మళ్ళీ ఎవరూ కట్టరు. వందమందికి హాలా అని నవ్వుతారు.

ఉంచితే సరిపోదు, వాడాలి. నెలకొక శనివారం సాయంత్రం ఆరింటికి ఒక కచేరీ పెడదాం. వంద కుర్చీలు, ముందు పిల్లలకు చాపలు. మైకు లేదు, జ్యోతి ప్రజ్వలన లేదు, ముఖ్య అతిథి లేడు. ఒక నెల వీణ, ఒక నెల నాదస్వరం, ఒక నెల డప్పు, ఒక నెల మన జిల్లా ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ళ గిటార్ బ్యాండు. నాదస్వరం, డప్పు లోపల పట్టవు, వాటికి వరండాలో వేదిక వేద్దాం. కళాకారులకు శాలువాతో పాటు కవరు కూడా ఇవ్వాలి. శాలువాతో ఇల్లు గడవదు. ఒక్కో బ్యాచ్ ఒక్కో నెల ఖర్చు పెట్టుకుంటే 12 బ్యాచ్‌లతో ఏడాది గడిచిపోతుంది. మొదటి నెల మా బ్యాచ్‌ది, మావాళ్ళతో మాట్లాడే చెబుతున్నాను. మరమ్మతు అంచనా కూడా వేయించాను. పెంకులు సర్దడం, దూలాలకు చెదల మందు, కిటికీ రెక్కలు, చప్పుడు చేయని ఫ్యాన్లు. కాగితాలు కార్యదర్శి గారి దగ్గర ఉన్నాయి, చూడండి.

సంగీతం మాస్టారు లేని బడి మనది. పాడే పిల్లలు మాత్రం ప్రతి తరగతిలోనూ ఉన్నారు. ఒక వయొలిన్ కమాను తీగ మీద ఎలా కదులుతుందో తొమ్మిదో తరగతి పిల్ల మూడడుగుల దూరం నుంచి చూడాలి. ఆ తరువాత ఆ పిల్ల ఏం చేస్తుందో మనం చెప్పలేం. చూసే అవకాశం ఇవ్వడం మాత్రం మన చేతుల్లో ఉంది. మధ్యాహ్నం మూడింటికి చెయ్యెత్తేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.