గీత గీసిన రోజు మనమెక్కడున్నాం? గన్ పార్క్ నుంచి పెదబయలు దాకా

ఈ ఎపిసోడ్ పెదబయలు నుంచే మాట్లాడుతున్నాను. వీడియో మధ్యలో వాన చప్పుడు వినబడితే ఏమనుకోకండి, మా దగ్గర ఈ రోజుల్లో అది మామూలే.

పోయిన నెల హైదరాబాద్ వెళ్లొచ్చాను. చార్మినార్ చూశావా, బిర్యానీ తిన్నావా అని అందరూ అడుగుతున్నారు. రెండూ అయ్యాయి. కానీ ఇవాళ చెప్పేది వేరే చోటు గురించి. పేరు గన్ పార్క్. అసెంబ్లీకి ఎదురుగా ఉంటుంది. చిన్న పార్కు. రోజూ దాని పక్కనుంచి బస్సుల్లో, బైకుల మీద వేలమంది వెళ్తుంటారు, ఆగేవాళ్లు తక్కువ. తెలుగువాళ్లు కలిసిన కథ, విడిపోయిన కథ రెండూ ఒకేచోట నిలబడి చూడాలంటే మాత్రం ఇంతకంటే మంచి చోటు నాకు కనబడలేదు.

ముందు ఎలా వెళ్లాలో చెప్తాను. మా వైపు వాళ్లయితే పాడేరు మీదుగా విశాఖ వెళ్లి గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్. ఈ బండి నాంపల్లి దాకా వెళ్తుంది. అక్కడి నుంచి గన్ పార్క్‌కి నడిచే వెళ్లొచ్చు. మెట్రోలో వస్తే అసెంబ్లీ స్టేషన్‌లో దిగాలి. ఈ గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైంది 1974 ఫిబ్రవరిలో. ఆ సంవత్సరం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

పార్కులో నిలబడితే ముందు కనబడేది అమరవీరుల స్తూపం. పైన తెల్లటి పువ్వు ఉంటుంది. చేసిన శిల్పి ఎక్కా యాదగిరిరావు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్ల గుర్తుగా కట్టారు. 369 మంది అని ఉద్యమకారులు చెప్తారు. వాళ్లలో చాలామంది స్టూడెంట్లు. అంటే ఈ వీడియో చూస్తున్న మన వయసువాళ్లు.

స్తూపం దగ్గర నిలబడి తల ఎత్తితే ఎదురుగా అసెంబ్లీ తెల్ల భవనం. దాన్ని 1905లో మొదలుపెట్టి 1913లో పూర్తిచేశారు. అప్పుడది టౌన్‌హాల్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నలభయ్యో పుట్టినరోజు గుర్తుగా కట్టారు. 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ శాసనసభ అక్కడే. 2014లో రాష్ట్రం విడిపోయాక కొంతకాలం ఒకే ఆవరణలో రెండు రాష్ట్రాల శాసనసభలు నడిచాయి. ఇంట్లో అన్నదమ్ములు వేరుపడి, ఇంకో ఇల్లు కట్టుకునేదాకా ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు పెట్టుకుంటారు చూడండి, అలా అన్నమాట. 2017లో ఆంధ్రప్రదేశ్ సభ వెలగపూడి వెళ్లిపోయింది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. తేదీలు వస్తాయి, కానీ పరీక్ష పెట్టను, భయపడకండి.

స్వాతంత్ర్యం వచ్చేసరికి తెలుగువాళ్లు రెండు పాలనల్లో ఉన్నారు. కోస్తా, రాయలసీమ మద్రాసు కింద. తెలంగాణ నిజాం కింద. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ భారతదేశంలో కలిసింది. 1952లో పొట్టి శ్రీరాములు గారు 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956 నవంబర్ 1న ఆంధ్ర, తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యాయి.

మనం దీన్ని కలయిక రోజు అని చదువుకున్నాం. కానీ అదే రోజు హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఇటు, మరాఠీ జిల్లాలు బొంబాయికి, కన్నడ జిల్లాలు మైసూరుకి. ఒకే తేదీ, ఒకే కాగితం. ఒకరికి కలవడం, ఇంకొకరికి విడిపోవడం.

ఇంకో సంగతి. ఫజల్ అలీ కమిషన్ 1955లో ఏం చెప్పింది? తెలంగాణను ప్రస్తుతానికి విడిగానే ఉంచండి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి సభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే కలపండి అని చెప్పింది. అంతదాకా ఆగలేదు. బదులుగా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు ఒక ఒప్పందం రాసుకున్నారు. పెద్దమనుషుల ఒప్పందం అంటారు. ఉద్యోగాల్లో తెలంగాణ స్థానికులకు రక్షణ ఉంటుంది, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి ఉంటే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి ఉంటారు, ఇలా. ఉప ముఖ్యమంత్రి అన్న మాట మొదటి మంత్రివర్గంలోనే అమలు కాలేదు. ఉద్యోగాల మాట కూడా సరిగ్గా నిలబడలేదు. పదమూడేళ్లకి కాలేజీ పిల్లలు రోడ్డెక్కారు. ఆ పిల్లల గుర్తే ఈ స్తూపం.

నేను అక్కడ ఫోన్‌లో వీడియో తీసుకుంటుంటే బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దాయన పిలిచారు.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“పాడేరు పక్కన పెదబయలు, తాతా.”

“అంటే ఆంధ్రోళ్లేనా?”

ఏం చెప్పాలో నాకు వెంటనే తోచలేదు. మ్యాప్ ప్రకారం అవును. కానీ మా కొండల్లో కింది నుంచి వచ్చినవాళ్లని మేము మైదానంవాళ్లు అంటాం. వాళ్లు మమ్మల్ని ఏజెన్సీవాళ్లు అంటారు. మా ఇళ్లలో కొందరు తెలుగు మాట్లాడతారు, కొందరు ఆదివాసీ ఒడియా, కొందరు కువి. అదే ఆయనకి చెప్పాను. ఆయన నవ్వి, “అరవై తొమ్మిదిల నేను పదో తరగతి. మేం ఎవ్వరి మీద కోపంతోని పోలే బిడ్డా. మా ఊర్ల కొలువు మాకెందుకు రాదని అడిగినం, గంతే,” అన్నారు.

ఈ మాట నా చెవిలో ఉండిపోయింది. మా ఊళ్లో కొలువు మాకెందుకు రాదు? దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇందాక 1974 గుర్తుపెట్టుకోమన్నాను కదా. 1972లో ఇంకో ఉద్యమం వచ్చింది, జై ఆంధ్ర. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక ఈసారి కోస్తా, రాయలసీమ వాళ్లు మా రాష్ట్రం మాకు విడిగా ఇవ్వండి అన్నారు. అవునండి, ఆంధ్రావాళ్లు కూడా విడిపోతామని అడిగారు. అక్కడా కాల్పులు, అక్కడా ప్రాణాలు పోయాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన పెట్టారు. ఆ గొడవలు చల్లారిన కొద్ది నెలలకే విశాఖ నుంచి హైదరాబాద్‌కి గోదావరి ఎక్స్‌ప్రెస్ బయల్దేరింది. 2014లో రాష్ట్రాలు విడిపోయాయి. బండి మాత్రం ఆగలేదు. పెళ్లిళ్లకి, కోచింగ్‌లకి, నిమ్స్‌లో వైద్యానికి జనం ఎక్కుతూనే ఉన్నారు.

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. ఆ ఉదయం కేసీఆర్ గారు ముందు గన్ పార్క్‌కి వచ్చి నివాళి ఇచ్చి, తర్వాత ప్రమాణం చేశారు. ఒకవైపు పండగ. అదే రోజు ఆంధ్రలో ఎంతోమంది ఇళ్లలో దిగులు. హైదరాబాద్ పదేళ్లు ఉమ్మడి రాజధాని అన్నారు, 2024 జూన్ 2తో అది కూడా అయిపోయింది.

ఇక్కడ మీలో కొందరికి బెర్లిన్ గోడ గుర్తొచ్చి ఉంటుంది. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ గేటు ముందు పారిజర్ ప్లాట్జ్ అని ఒక చౌరస్తా ఉంది. 1961 ఆగస్టు 13న గోడ మొదలుపెట్టారు. చౌరస్తా మధ్యలో చిక్కుకుని పాడుబడింది. 1989 నవంబర్ 9న గోడ తెరుచుకుంది, 1990 అక్టోబర్ 3న జర్మనీ ఒకటైంది. ఇప్పుడు గోడ ఉన్నచోట కొంతమేర నేలమీద జంట రాళ్ల వరుస పరిచారు, ఇక్కడ గీత ఉండేది అని గుర్తుగా.

కానీ రెండూ ఒకటే అనుకోకండి. అక్కడ గోడ జనాన్ని అడగకుండా కట్టింది. దాన్ని దాటబోయిన వాళ్లని కాల్చారు. కలవడం అక్కడ విముక్తి. గన్ పార్క్ దగ్గర జనమే విడిపోతామని అడిగారు. విడిపోవడం ఇక్కడ విముక్తి. కాబట్టి కలిస్తే మంచి, విడిపోతే చెడు అని ఒక్క మాటలో తేల్చలేం. కలిసేటప్పుడు ఇచ్చిన మాట నిలబడిందా లేదా, గీత గీసేటప్పుడు అక్కడ ఉండేవాళ్లని అడిగారా లేదా. చూడాల్సింది ఈ రెండే.

ఇప్పుడు మన కొండలకి వద్దాం. మన పక్కన కూడా ఒక గీత ఉంది. దాని తేదీ మనలో ఎంతమందికి తెలుసు? 1936 ఏప్రిల్ 1. ఆ రోజు ఒడిశా విడి రాష్ట్రం అయింది. అంతదాకా జయపురం, కోరాపుట్ అన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. ఒక్కరోజులో అటు కొండ ఒక రాష్ట్రం, ఇటు కొండ ఒక రాష్ట్రం. మేనత్తలు, మేనమామలు అటు, మనం ఇటు. సంతకి అటువాళ్లు ఇటు వస్తారు, ఇటువాళ్లు అటు వెళ్తారు. మాచ్‌ఖండ్ కరెంటు రెండు రాష్ట్రాల ఉమ్మడి ప్రాజెక్టు, నీళ్లకి గీత పట్టలేదు. ఈ గీతకి స్తూపం లేదు, పార్కు లేదు.

సాలూరు అవతల కొఠియా గ్రామాల సంగతి వినే ఉంటారు. 21 ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలూ అంటాయి. 1968లోనే కేసు సుప్రీంకోర్టుకి వెళ్లింది. అక్కడ చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. రెండు ప్రభుత్వాలు పోటీపడి రోడ్డు, రేషన్ ఇస్తాయని బయటివాళ్లు జోక్ చేస్తారు. కానీ మీ రాష్ట్రం ఏది అని అడిగితే జవాబు చెప్పలేని బతుకు జోక్ కాదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ చింతూరు వైపు. భద్రాచలం ప్రాంతం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం లాంటి మండలాలని మళ్లీ ఆంధ్రలో కలిపారు. తెలంగాణ పుట్టడానికి నాలుగు రోజుల ముందు ఆర్డినెన్స్ వచ్చింది. భద్రాచలం ఊరు తెలంగాణలో, ఊరి పక్కనే ఎటపాక ఆంధ్రలో. అక్కడ కోయవాళ్లు కొందరు ఒక్క జీవితంలో జిల్లాలు, రాష్ట్రాలు మారుతూ వచ్చారు, ఇల్లు కదలకుండానే. 2022 ఏప్రిల్‌లో మా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు వాళ్లని అందులో చేర్చారు. అప్పుడు వాళ్ల జిల్లా కేంద్రం పాడేరు అయింది. చింతూరు నుంచి పాడేరుకి ఘాట్ రోడ్లలో ఎంత ప్రయాణమో ఒకసారి మ్యాప్ తెరిచి చూడండి.

ఇప్పుడు ఆ తాత అన్న మాటకి వద్దాం. మా ఊళ్లో కొలువు మాకెందుకు రాదు? మనకి ఈ ప్రశ్న కొత్త కాదు. 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని. మా స్కూళ్లలో మా భాష తెలిసిన టీచర్లు కనబడటం దానివల్లే పెరిగింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని చెప్పింది. అప్పటికి రాష్ట్రం విడిపోయి ఆరేళ్లు. అయినా దెబ్బ రెండు వైపులా తగిలింది. పాడేరులో ధర్నా, ఉట్నూరులో ధర్నా. డీఎస్సీకి చదువుతున్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఇది ఎంత పెద్ద విషయమో నేను చెప్పక్కర్లేదు.

అంటే చూడండి, 1969లో గన్ పార్క్ దగ్గర అడిగిందీ, ఇవాళ పాడేరు ఐటీడీఏ ముందు అడిగేదీ ఒకటే ప్రశ్న. రాష్ట్రం కలిసినా ఆ ప్రశ్న పోలేదు, విడిపోయినా పోలేదు. గీత జరిపితే తీరే ప్రశ్న కాదది. ఇచ్చిన మాట రాతలో ఉండాలి, ఆ రాత కోర్టులో నిలబడేలా ఉండాలి, నిలబడిందో లేదో అడిగే గొంతులు ఉండాలి. పెద్దమనుషుల ఒప్పందం నుంచి మనం నేర్చుకోవాల్సింది అదేనని నాకనిపిస్తుంది.

హైదరాబాద్ వెళ్తే ఒక అరగంట గన్ పార్క్‌కి ఇవ్వండి. తెలంగాణ ఫ్రెండ్ ఉంటే వెంట తీసుకెళ్లి, వాళ్ల ఇంట్లో 1969 గురించి ఏం చెప్పుకుంటారో అడగండి. మీ ఇంట్లో 2014 ఎలా గడిచిందో మీరు చెప్పండి. వాదన పెట్టుకోకండి, వినండి. ఒకే రోజు ఒక ఇంట్లో మిఠాయి, ఇంకో ఇంట్లో మౌనం ఎందుకున్నాయో అప్పుడే తెలుస్తుంది.

ఊళ్లో ఉన్నవాళ్లకి ఇంకో పని. మీ తాతనో అవ్వనో కూర్చోబెట్టి, ఒడిశా గీత అవతల మన చుట్టాలు ఎవరున్నారు, ఏ ఊళ్లో ఉన్నారు అని అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. 1936 చూసినవాళ్లు ఇక దొరకరు. వాళ్ల దగ్గర విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ఊళ్ల పేర్లు నాకు పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో అవన్నీ కలిపి ఒక మ్యాప్ వేద్దాం. ఉంటాను మరి.