ముత్తాత కొలువు: కాగితాల్లో దొరికిన నిజం
(మన సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 మా ముత్తాత యువకుడిగా ఉన్నప్పుడు చేసిన సైనిక కొలువు గురించి, దాన్ని పాత కాగితాల్లో మేము ఎలా వెతికామన్న దాని గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. ఇది మా ఒక్క ఇంటి సంగతే అయితే మీ సమయం తీసుకునేవాళ్ళం కాదు. ఇక్కడ కూర్చున్నవారిలో చాలామంది ఇళ్ళల్లో ‘లడాయికి వెళ్ళొచ్చిన తాత’ ఒకరు ఉండే ఉంటారు. అందుకే ఒప్పుకున్నాం.

1914లో మొదలైన ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి పది లక్షల మందికి పైగా సముద్రాలు దాటి వెళ్ళారు. సుమారు 74 వేల మంది తిరిగి రాలేదు. వెళ్ళినవారంతా తుపాకీ పట్టినవారు కారు. వంటవాళ్ళు, నీళ్ళు మోసే భిస్తీలు, కంచరగాడిదలను తోలేవాళ్ళు, చాకళ్ళు, పాకీవాళ్ళు, గాయపడినవారిని మోసేవాళ్ళు, రోడ్లు వేసే కూలీలు కూడా ఉన్నారు. సైన్యం వీళ్ళందరినీ కలిపి ‘ఫాలోయర్లు’ అనేది. యుద్ధకాలంలో ఇలా చేర్చుకున్నవారు ఐదున్నర లక్షలకు పైమాటే. కథల్లోనూ స్మారక చిహ్నాల మీదా సిపాయిలు కనిపిస్తారు గానీ, వీళ్ళు కనిపించడం అరుదు.

మా ఇంట్లో ముత్తాతను అందరూ ‘సుబేదార్ తాత’ అనేవారు. మా ఇంటిని ఊళ్ళో ఇప్పటికీ సుబేదారుగారిల్లు అంటారు. రెండేళ్ళ క్రితం ఆయన పేరుమీద ఊరి ఖబరస్తాన్‌లో ఒక బోరు, నీళ్ళ ట్యాంకు కట్టించాలనుకున్నాం. శిలాఫలకం మీద ‘సుబేదార్’ అని చెక్కించాలని అందరం అనుకున్నాం. మస్జిద్ ముతవల్లీగారు పెద్దాయన, మెల్లగా ఒక మాట అన్నారు: “రాయి మీద రాసింది నూరేళ్ళుంటుంది బాబూ. నిజమని తేల్చుకుని రాయించండి. లేని పదవి మనం కట్టబెడితే ఖబరులో ఉన్నాయనకు ఒరిగేదేముంది?” ఆ మాటతో వెతుకులాట మొదలైంది.

మొదట సుబేదార్ అంటే ఏమిటో తెలుసుకున్నాం. ఆనాటి పదాతి దళంలో భారతీయులకు దక్కే అధికారి హోదాలు మూడు: జమేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. గుర్రపు దళంలో అయితే రిసాల్దార్ అనేవారు. ఈ హోదా ఉన్నవారి పేర్లు ‘ఇండియన్ ఆర్మీ లిస్ట్’ అనే ప్రభుత్వ ప్రచురణలో రెజిమెంట్ల వారీగా అచ్చయ్యేవి. ఇది వెతికేవారికి పెద్ద వరం. మామూలు సిపాయి పేరు అచ్చులో దొరకడం కష్టం గానీ, సుబేదార్ పేరు దొరకాలి. యుద్ధ సంవత్సరాల సంపుటాలు చూశాం. ఆయన పేరుతో సరిపోయే అధికారి కనిపించలేదు.

అప్పుడు మా ఫుప్పూ తన పెట్టె తెరిచారు. ఆమెకు ఎనభై నాలుగేళ్ళు. ముత్తాతను కళ్ళారా చూసినవారిలో మిగిలింది ఆమె ఒక్కరే. పాత దుప్పటి మడతల్లో ఒక వెండి పతకం, నాలుగు మడతలు పెట్టిన ఒక ఇంగ్లీషు కాగితం ఉన్నాయి. కాగితం ఒక అంచు చెదలు తిన్నాయి. పతకం మీద ఒకవైపు అయిదో జార్జి బొమ్మ, రెండోవైపు గుర్రం మీద వీరుడు. యుద్ధంలో పనిచేసినవారికి ఇచ్చిన ‘బ్రిటిష్ వార్ మెడల్’ అది. వెండిదని కంసాలి దగ్గర తూకానికి అమ్ముకున్న కుటుంబాలెన్నో. మావాళ్ళు అమ్మలేదు, అల్‌హందులిల్లాహ్.

ఈ పతకంలో అసలు విషయం బొమ్మల్లో ఉండదు, అంచు మీద ఉంటుంది. అక్కడ సన్నటి అక్షరాలతో నంబరు, హోదా, పేరు, దళం చెక్కి ఉంటాయి. భూతద్దం పెట్టి చదివాం. హోదా ఉండవలసిన చోట ‘బేరర్’ అని ఉంది. దళం ఆర్మీ బేరర్ కోర్. కాగితం ఆయనను కొలువు నుంచి విడుదల చేస్తూ ఇచ్చిన సర్టిఫికెట్. అందులోనూ అదే నంబరు, అదే పేరు. తండ్రి పేరు, ఊరు, ఒంగోలు తాలూకా, గుంటూరు జిల్లా అని ఉన్నాయి. చేరింది 1916, విడుదల 1919, పనిచేసింది మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో. పేరు ఒక్కటే అయితే ఇంకెవరిదో అనుకునే వీలుండేది. నంబరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిశాక సందేహానికి తావు లేదు.

ఇంట్లో పెద్ద గొడవే అయింది. మన భాషలో బేరర్ అంటే హోటల్లో టిఫిన్ తెచ్చిపెట్టే మనిషి. “సుబేదార్ తాత చివరికి బేరరా?” అని పిల్లలు నవ్వారు. మా చాచా ఒకరికి కోపం వచ్చింది. “ఆ కాగితం పెట్టెలోనే పెట్టేయండి. నూరేళ్ళుగా ఊరంతా అంటున్న మాటను మీరెందుకు చెరుపుతారు? రేపు పిల్లల సంబంధాలకు వెళ్తే ఏం చెప్పుకుంటాం?” అన్నారు. ఆయన బాధలో అర్థముంది. పేద కుటుంబానికి ఆస్తి లేనిచోట పేరే ఆస్తి. అందుకని ఆర్మీ బేరర్ అంటే ఎవరో పూర్తిగా తెలుసుకున్న తరువాతే ఏదైనా నిర్ణయిద్దామనుకున్నాం.

ఆర్మీ బేరర్ కోర్ వాళ్ళు గాయపడిన సైనికులను స్ట్రెచర్ల మీద, డోలీల మీద మోసేవాళ్ళు. కాల్పులు జరుగుతున్న చోటి నుంచి వెనక ఉన్న వైద్య శిబిరానికి తీసుకురావడం వాళ్ళ పని. చేతిలో ఆయుధం ఉండదు. మోసేటప్పుడు పరుగెత్తడానికీ పడుకోవడానికీ వీలుండదు, ఎందుకంటే భుజం మీద మనిషి ఉన్నాడు. ఆ రోజుల్లో సిపాయి జీతమే నెలకు 11 రూపాయలు. వీళ్ళకు ఇచ్చేది అంతకన్నా తక్కువ.

మెసొపొటేమియాలో ఆ పని ఎలాంటిదో చెప్పడానికి ప్రభుత్వ రికార్డులే ఉన్నాయి. 1915 నవంబరులో బాగ్దాద్ దాపున టెసిఫోన్ దగ్గర జరిగిన యుద్ధం తరువాత గాయపడినవారిని స్ప్రింగులు లేని కంచరగాడిదల బండ్లలో టైగ్రిస్ నది ఒడ్డుకు చేర్చారు. అక్కడి నుంచి కిక్కిరిసిన పడవల్లో రోజుల తరబడి బస్రాకు తెచ్చారు. కట్లు మార్చేవారు లేక, శుభ్రం చేసేవారు లేక వాళ్ళు పడిన యాతన బ్రిటన్‌లో పెద్ద దుమారం రేపింది. 1916 ఏప్రిల్ 29న కూత్‌లో ముట్టడిలో చిక్కిన సైన్యం తుర్కులకు లొంగిపోయింది. దాన్ని విడిపించడానికి అంతకు ముందు నాలుగు నెలలు జరిగిన పోరాటాల్లో వర్షానికి నేలంతా బురదై, గాయపడినవారు ఆ బురదలోనే పడి ఉన్నారు. ఈ వైఫల్యాలపై విచారణకు వేసిన మెసొపొటేమియా కమిషన్ 1917లో నివేదిక ఇచ్చింది. వైద్య ఏర్పాట్ల లోపాలను అది తీవ్రంగా తప్పుపట్టింది. బాగ్దాద్ బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది 1917 మార్చి 11న.

అంటే, గాయపడినవాణ్ణి మోసే మనిషి ఎంత అవసరమో సైన్యానికి తెలిసొచ్చిన రోజుల్లో, తెలిసొచ్చిన చోటికే మా ముత్తాత వెళ్ళాడు. ఆయన ఏ రోజు ఎవరిని మోశాడో మేము ఊహించి రాసుకోలేదు. ఆ అవసరమూ లేదు. మూడేళ్ళు ఆ దళంలో ఉన్నాడంటే ఆ పనే చేశాడు.

ఎవరి యుద్ధం అది, ఖలీఫా ఉన్న తుర్కీ మీద ముస్లిములు ఎలా వెళ్ళారు అని మా కుర్రాళ్ళు అడిగారు. మంచి ప్రశ్న. ఆ కాలంలోనూ అది చాలామంది మనసుల్ని కలచివేసింది. 1916లోనే బస్రాలో 15వ లాన్సర్స్ దళంలోని ముస్లిం సిపాయిలు ముందుకు సాగడానికి నిరాకరించి శిక్షలు అనుభవించారు. ఇంకోవైపు హైదరాబాదు నిజాం బ్రిటిష్ వారికే మద్దతు ప్రకటించి తన లాన్సర్లను ఈజిప్టుకు పంపారు. ఢిల్లీలోని తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి ఆ హైదరాబాదు దళానికి గుర్తు. రాజులు, అధికారులు నిర్ణయాలు తీసుకున్నారు. ఒంగోలు తాలూకా పేదవాడు జీతం కోసం వెళ్ళాడు. అక్కడ ఆయన చేతికి దొరికిన పని ప్రాణం నిలబెట్టేది కావడం మాకు ఊరటనిచ్చింది.

ఆ సర్టిఫికెట్‌లో ఇంకొక పంక్తి ఉంది. గుర్తింపు చిహ్నం: ఎడమ కనుబొమ మీద గాటు. మా ఇంట్లో ముత్తాత ఫొటో లేదు. ఆ పంక్తి చదివి వినిపించగానే ఫుప్పూ తన ఎడమ కనుబొమ మీద వేలు పెట్టుకుని, “ఇక్కడ! చిన్నప్పుడు ఒళ్ళో కూర్చుని తడిమేదాన్ని” అన్నారు. ఆ తరువాత చాచా వాదించలేదు.

మనిషి ముఖాన్ని కాగితం మీద రాయడం మన దక్కనులో కొత్త కాదు. హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు ఫార్సీ కాగితాలు లక్షకు పైగా ఉన్నాయి. వాటిలో ‘అర్జ్-ఒ-చెహ్రా’ అనే పత్రాలున్నాయి. సైనికుడి పేరు, తండ్రి పేరు, రంగు, కనుబొమలు, కళ్ళు, ముక్కు, పుట్టుమచ్చలు, గాయాల మచ్చలు, ఆపైన అతని గుర్రం రంగు, దానికి వేసిన ముద్ర అన్నీ వాటిలో రాసి ఉంటాయి. ఒకరి బదులు ఇంకొకరు వచ్చి జీతం తీసుకోకుండా చేసిన ఏర్పాటు అది. ఉర్దూలో చెహ్రా రాయించుకోవడం అంటే సైన్యంలో చేరడమనే అర్థం కూడా ఉంది. లెక్కల కోసం గుమాస్తా రాసిన రాత, వందేళ్ళ తరువాత మాకు ముత్తాత ముఖాన్ని చూపించింది.

ఇక ఫలకం సంగతి. ‘సుబేదార్’ మాట తీసేశాం. ‘బేరర్’ అని రాస్తే చదివేవాళ్ళకు హోటలే గుర్తొస్తుంది కనుక అదీ రాయలేదు. పేరు, తండ్రి పేరు రాయించి, కింద ‘1916 నుంచి 1919 వరకు ఇరాక్ యుద్ధభూమిలో గాయపడినవారిని భుజాన మోసిన మనిషి’ అని చెక్కించాం. ఊళ్ళో మా ఇల్లు ఇప్పటికీ సుబేదారుగారిల్లే. ఊరి నోటిని మార్చడం మా వల్ల కాదు. రాయి మీద మాత్రం నిజం ఉంది.

మీ ఇళ్ళల్లో వెతకదలచినవారికి మా అనుభవంలో పనికొచ్చిన సంగతులు కొన్ని చెబుతాం.

ముందు ఇంట్లో పెట్టె తెరవండి. పంజాబులో 1919లో సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలతో ఊరూరా రిజిస్టర్లు తయారుచేశారు. అవి లాహోర్ మ్యూజియంలో ఉండగా 2021లో ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. అక్కడివాళ్ళు ఊరి పేరు కొట్టి తాతను వెతుక్కోగలరు. మనకు మాత్రం పతకం అంచు, విడుదల కాగితం, పెన్షను పుస్తకం, పాత మనియార్డరు రసీదు, ఇవే మొదటి ఆధారాలు. పతకాన్ని చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. కాగితానికి అట్ట వేయించకండి, టేపు అంటించకండి.

పేరు ఒకే రకంగా ఉంటుందని అనుకోకండి. షేక్, మహమ్మద్, సయ్యద్ అనే మాటల్ని ఇంగ్లీషు గుమాస్తాలు నాలుగైదు విధాల రాశారు. మన ఇంటిపేర్లు సాధారణంగా రాయనే లేదు. తండ్రి పేరే దారి చూపిస్తుంది. ఊరిని పాత జిల్లాలో వెతకాలి. ఒంగోలు 1904 వరకు నెల్లూరు జిల్లా, ఆ తరువాత గుంటూరు జిల్లా, 1970 నుంచి ఇప్పుడు ప్రకాశం అంటున్న జిల్లా. బెజవాడ, బందరు, కడప, ఏలూరు పేర్ల పాత ఇంగ్లీషు స్పెల్లింగులు కూడా దగ్గర పెట్టుకోండి.

తిరిగి రానివారి కోసమైతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. చాలా పేర్ల దగ్గర తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. బస్రా స్మారకం మీద మాత్రం భారతీయ అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిలను అంకెలతో సరిపెట్టారు. ఇలాంటి వివక్ష జరిగిందని ఆ కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. తిరిగి వచ్చినవారి కోసం ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’ చూడండి. మద్రాసు రాజధాని కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌కు, నిజాం కొలువైతే తార్నాకకు వెళ్ళండి. దళాలు రోజువారీ రాసిన యుద్ధ డైరీలు లండన్‌ క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దవారి దగ్గర కూర్చోండి. కాగితంలో గాటు అని ఉంటుంది. అది ఎవరి కనుబొమో చెప్పగలిగేది వాళ్ళే.

దాతలకు ఒక విన్నపం. మన సంస్థ ఇచ్చే స్కాలర్‌షిప్పులు, వితంతువుల పెన్షన్లు, మందుల ఖర్చులు యథాతథంగా సాగాలి. వాటిలో ఒక్క పైసా ఇటు మళ్ళించమని మేము అడగడం లేదు. ఏడాదికి ఒక ఆదివారం ఈ హాలు ఇవ్వండి. ఇళ్ళల్లోని పాత ఉర్దూ, ఫార్సీ, ఇంగ్లీషు కాగితాలు తెచ్చుకున్నవారికి చదివి చెప్పడానికీ, ఫొటో తీసి ఇవ్వడానికీ మా కుటుంబం నుంచి ముగ్గురం వస్తాం, స్కానర్ మేమే తెస్తాం. ఉర్దూ, ఫార్సీ చదవగలిగిన పెద్దలు మీలో ఉన్నారు, వారు రెండు గంటలు కూర్చుంటే చాలు. అసలు కాగితం అదే రోజు ఇంటికి తిరిగి వెళ్తుంది.

ఆయనకూ, ఆయన మోసినవారికీ, పేరు లేకుండా అంకెలైపోయినవారికీ అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించాలని దుఆ చేయండి.