కాపలాదారుకు ఉన్న నిబంధన కెమెరాకు లేదా?



మన వీధి మలుపుల్లో, దుకాణాల్లో, మస్జిదుల వరండాల్లో, చివరకు ఇళ్ల వాకిళ్లలో వెలసిన సీసీ కెమెరాల గురించి మనం నేడు మాట్లాడుకుంటున్నాం. కెమెరా మంచిదా చెడ్డదా అన్నది మన ప్రశ్న కాదు. దొంగతనం జరిగినప్పుడు, అల్లరిమూక ఒక దుకాణంపై విరుచుకుపడినప్పుడు అదే సాక్షిగా నిలుస్తుంది. నిర్దోషి అయిన యువకుణ్ణి కాపాడేది కూడా ఒక్కోసారి అదే. మన ప్రశ్న వేరు. కెమెరాను అమ్మి, బిగించి, దాని పాస్‌వర్డ్‌ను తన వద్ద ఉంచుకొనే వ్యక్తి ఎవరికి జవాబుదారీ?

2005లో పార్లమెంటు ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం చేసింది. వాచ్‌మన్లను సమకూర్చే సంస్థ రాష్ట్రంలోని నియంత్రణాధికారి నుండి లైసెన్సు పొందాలి. కాపలాదారు పూర్వ ప్రవర్తనను విచారించాలి, అతనికి శిక్షణ ఇవ్వాలి. పనిలో తెలిసిన విషయాలను అతడు బయట చెప్పరాదు. అయితే ఆ చట్టం 'ప్రైవేటు భద్రత'కు ఇచ్చిన నిర్వచనంలో కెమెరాల అమ్మకం, బిగింపుల ప్రస్తావన లేదు. కెమెరా యంత్రాల భద్రతకు కేంద్రం 2024లో తప్పనిసరి పరీక్షలను ప్రకటించింది. యంత్రానికి పరీక్ష వచ్చింది, దానిని మన ఇంట బిగించే మనిషికి రాలేదు. గేటు వద్ద కూర్చున్న వాచ్‌మన్ కంటికి కనిపించినంతే చూస్తాడు. పాస్‌వర్డ్ తెలిసినవాడు ఎక్కడో కూర్చుని మన వాకిట తిరిగే ఆడపిల్లలను పగలూ రాత్రీ చూడగలడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం వచ్చింది. ఒకేసారి వందమంది గుమిగూడే స్థలాల్లో కెమెరాలు పెట్టాలనీ, దృశ్యాలను ముప్పై రోజులు భద్రపరచాలనీ, పోలీసులు అడిగితే ఇవ్వాలనీ అది ఆదేశిస్తుంది. ప్రార్థనా స్థలాలు కూడా ఇందులో ఉన్నాయి. హైదరాబాదులో 'నేను సైతం' పేరిట కాలనీవాసులే చందాలు వేసుకొని కెమెరాలు పెట్టించారు. డబ్బు మనది, బాధ్యత మనది. ఆ దృశ్యాలపై అధికారం మాత్రం ఎవరెవరి చేతుల్లో ఉందో మనకు తెలియదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చి చెప్పింది. ఆ హక్కు మన గల్లీ వరకు రావాలి.

కాబట్టి లైసెన్సు కావాలని మేము కోరుతున్నాం. కాని కళ్లు మూసుకొని కోరడం లేదు. మన బస్తీల్లో ఎందరో యువకులు నిచ్చెన, డ్రిల్లింగ్ యంత్రం, వైరు చుట్ట పట్టుకొని ఈ పనితోనే ఇల్లు గడుపుతున్నారు. పోలీసు విచారణ పేరిట, పేరు చూసి, పేట చూసి దరఖాస్తును పక్కన పెడితే వారి గతేమిటి? పెద్ద కంపెనీ కట్టగల రుసుమునే ఒంటరిగా పనిచేసేవానిపై వేస్తే అతడు బతికేదెలా? 2005 చట్టంలోనే ఇందుకు కొంత రక్షణ ఉంది. దరఖాస్తుదారు వాదన వినకుండా లైసెన్సు నిరాకరించరాదు. కారణాలను రాతపూర్వకంగా చెప్పాలి. రాష్ట్ర హోంశాఖ కార్యదర్శికి అప్పీలు చేసుకోవచ్చు. కొత్త నిబంధన ఏది వచ్చినా ఈ మూడూ అందులో ఉండి తీరాలి.

లైసెన్సు ఒక్కటే చాలదని బ్రిటన్ అనుభవం చెబుతుంది. అక్కడ 2001 నాటి చట్టం కింద, బహిరంగ స్థలాల కెమెరాలను కాంట్రాక్టుపై గమనించే సిబ్బందికి లైసెన్సు విధించారు. అయినా 2010లో బర్మింగ్‌హామ్‌లో, ముస్లింలు అధికంగా నివసించే స్పార్క్‌బ్రూక్, వాష్‌వుడ్ హీత్ ప్రాంతాల్లో ఉగ్రవాద వ్యతిరేక నిధులతో సుమారు రెండు వందల కెమెరాలు వెలిశాయి. ఆ నిధుల సంగతి ప్రజలకు స్పష్టంగా చెప్పలేదు. నిజం తెలిసిన స్థానికులు నిలదీశారు. కెమెరాలకు సంచులు తొడిగి, చివరకు వాటిని తొలగించారు. ఎవరు బిగిస్తున్నారన్నది ఎంత ముఖ్యమో, ఎందుకు బిగిస్తున్నారన్నదీ అంతే ముఖ్యం.

ప్రభుత్వాన్ని మనం కోరవలసినవి ఇవి. బిగించేవారికి తక్కువ రుసుముతో లైసెన్సు ఇవ్వాలి. వినియోగదారు దృశ్యాలను దొంగచాటుగా చూసినా, అమ్మినా లైసెన్సు రద్దు చేయాలి. వీధి కెమెరా ఎవరిదో, దృశ్యాలు ఎవరికి చేరతాయో అక్కడే బోర్డుపై రాయాలి.

చట్టం వచ్చేలోగా మన ఇంటిని మనమే చక్కదిద్దుకుందాం. కెమెరా పెట్టించుకున్న రోజే పాస్‌వర్డ్ మార్చండి. పనికి రసీదు తీసుకోండి. మస్జిదు కమిటీలు పోలీసులకు ఇచ్చే ప్రతి దృశ్యానికీ రాతపూర్వక అభ్యర్థన తీసుకొని, తేదీతో పుస్తకంలో నమోదు చేయండి. మీ కెమెరా పొరుగువారి కిటికీ వైపు తిరిగి ఉంటే ఈ రాత్రే మళ్లించండి. మన గోప్యతను గౌరవించమని అడిగే హక్కు, ఇరుగుపొరుగు గోప్యతను కాపాడినప్పుడే మనకు నిండుగా దక్కుతుంది.